రెండు రింగులు

ఈ బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ముందే ఎందుకు రాయలేదంటే, అప్పట్లో నాకు రాయడం రాదు. యాభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దాను. కానీ అది సగం నిజమే. చదువు రాదన్న మాట వెనకే ఇన్నాళ్లూ దాక్కున్నాను. ఇప్పుడు చదువు వచ్చింది, దాక్కునే చోటు పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరువూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. పిల్లల దగ్గర సెల్ ఫోన్ ఉండకూడదని రూలు. నా దగ్గర ఉండేది. వాళ్లకి వచ్చే మెసేజీలన్నీ దానికే వచ్చేవి. డిగ్రీ చదివే పద్మ, పిన్నీ అంటూ వంటింట్లో నా పక్కన కూర్చుని చదివి చెప్పేది. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. రెండు రింగులిచ్చి కట్ చేస్తే, తిరిగి ఫోన్ చెయ్యమని. బ్యాలెన్సు లేనివాళ్లందరికీ అదే పద్ధతి.

ఆ ఏడు కాలేజీ పిల్లలు నెట్ సెంటర్లో ఏదో చూసొచ్చారు. పట్నంలో కొందరు కంప్యూటర్లో కబురు పెట్టుకుని, ఒక్కసారిగా రోడ్డు మీద చేరి డాన్సు చేసి, ఏమీ ఎరగనట్టు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారట. ఫ్లాష్ మాబ్ అంటారట. మన బస్టాండులోనూ చేద్దామనుకున్నారు. నా ఫోన్ నుంచి మిస్డ్ కాల్ రాగానే మొదలుపెట్టాలని గుర్తు. పద్మ మాత్రం వెనకాడింది. వాళ్ల నాన్నకి తెలిస్తే చదువు మాన్పించేస్తాడని దాని భయం. ఎవరూ చూడరులే, నేను కాపలా ఉంటానని ఒప్పించింది నేను. ఎందుకంత పట్టు పట్టాను? అంత మంది పిల్లలు నా ఒక్క ఫోన్ కోసం ఎదురు చూడటం నాకు గొప్పగా ఉంది. ఇంకే కారణమూ దొరకడం లేదు.

కూరగాయల సంచీ పట్టుకుని బస్టాండుకి వెళ్లాను. విజయవాడ బస్సు వచ్చి ఆగగానే కాలేజీ కుర్రాళ్ల నంబర్లకి వరసగా మిస్డ్ కాల్ ఇచ్చింది నేనే. పాట మొదలైంది. ముందు వరసలో పద్మ. అది అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఎవరో సెల్లులో ఫొటో తీశారు. నెట్‌లో పెట్టారు. వారం తిరక్కుండానే దాని ప్రింటు వాళ్ల ఊరు పెనుగొలనులో పద్మ నాన్న చేతికి చేరింది. ఆయన హాస్టల్‌కి వచ్చి, వార్డెన్ మేడమ్ ముందు నన్ను నిలబెట్టి, ఆ ఫొటో చూపించి అడిగాడు.

"ఫోన్ నీదంట కదమ్మా. వీళ్లందర్నీ పోగేసిందెవరు?"

"నాకు అక్షరం ముక్క రాదండి. నొక్కేదంతా మీ అమ్మాయే. నాకేం తెలుసు?"

పద్మ నా వైపు చూసింది. నేను చెంగు సర్దుకున్నాను.

"పిన్నికేం తెలీదు నాన్నా. అంతా నేనే చేశా."

"చదువు రాకపోయినా ఆవిడ నయమే నీకంటే" అన్నాడాయన.

ఆ మాటకి నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు వాళ్లు. ఆ పూటే పిల్లని తీసుకెళ్లిపోయాడు. ఆఖరి పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. అది రాయలేదు. టీచర్ అవుతాననేది.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? పడ్డాను. కానీ వాళ్లు గేటు దాటాక, ఆ పిల్ల ఏమవుతుందో అన్న దిగులు కంటే ముందు, బతికిపోయాన్రా దేవుడా అన్న సంతోషం కలిగింది. నన్ను తినేది ఆ సంతోషమే. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. తేలిక పడే హక్కు నాకుందా? క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇంకొక్కటి మిగిలింది, అదీ చెప్పేస్తాను.

మర్నాడు పొద్దున ఉప్మా కలుపుతుంటే ఫోన్ మోగింది. రెండు రింగులు, ఆగిపోయింది. పద్మ వాళ్లింటి నంబరు. దాని కోసం ఎన్నోసార్లు నేనే నొక్కిన అంకెలు. కాసేపటికి మళ్లీ రెండు రింగులు. చెయ్యి తుడుచుకుని ఫోన్ ఆపేశాను. రవ్వ ఉండ కడుతోందని గరిటె తిప్పాను.