జ్వరం దాచుకుని ఎక్కిన కొండ

మా సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండుంపావు. ఎత్తు పదిహేను వేల అడుగులు. చలి సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద. వీపు మీద పద్దెనిమిది కిలోల బరువు, ఒంట్లో జ్వరం. ఆ జ్వరం సంగతి నాకొక్కడికే తెలుసు.

కింద క్యాంపులో ఫ్లూ తిరుగుతోంది. ఒళ్ళు వెచ్చబడినవాడు పైకి ఎక్కకూడదని ఆర్డరు. ఎనిమిదికి థర్మామీటరు పెడతారని ఆరింటికే పారాసిటమాల్ మింగేశాను. ఎందుకంటే నేను ఎక్కితేనే మా వంటవాడు సెలవు మీద దిగుతాడు. వాడిది చీడికాడ, నాది చోడవరం. కూతురు పుట్టి నలభై రోజులైంది, వాడింకా మొహం చూడలేదు. వాడికి మేలు చేస్తున్నాననుకున్నాను. ఏడ్చినట్టుంది నా తెలివి!

"వచ్చేవా బావా! నీకోసం కళ్ళు కాయలు కాసేయిరా," అంటూ వంటవాడు ఎదురొచ్చి వాటేసుకున్నాడు. "ఏటి, ఒళ్ళు కాలిపోతంది?"

"కొండెక్కొచ్చేను కదరా. మరేటి లేదు."

మర్నాడు ఐదింటికి వాడు దిగాలి. మంచు పడి దారి మూసుకుపోయింది. ఏడుగురం, ఒకటే బంకరు. మూడో రోజు వాడికి దగ్గు పట్టుకుంది. నాలుగో రోజుకు పెదాలు నీలమెక్కాయి.

మాకు వైద్యం చూసే నర్సింగ్ అసిస్టెంటును పక్కకు పిలిచి నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు.

"ఈ ఏడు ఫ్లూ సూది వేయించుకున్నావా?"

"నిరుడు వేయించుకున్నాను."

"వాడూ అంతే. ఈ వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది. నిరుటి సూదితో ఒంటికి వచ్చిన బలం ఇప్పుడు చాలదు. వాడికి మాత్రం ఇప్పుడు చెప్పకు. కోపం తెచ్చుకునే ఊపిరి కూడా లేదు వాడికి."

మధ్యలో టార్పాలిన్ కట్టి, దగ్గేవాళ్ళను అటు వేశారు. కంచాలు వేరు. గాలి మారడానికి గంటకోసారి పది నిమిషాలు తలుపు తెరవాలి. అందరూ చలిని తిట్టారు. నన్ను తిట్టినా బాగుండేది.

నర్సింగ్ అసిస్టెంటు వైర్‌లెస్‌లో కింద క్యాంపును పిలిచాడు.

"కేసు సీరియస్. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మబ్బు విడితేనే. ఆక్సిజన్ ఎంతుంది?"

"రేపు ఉదయం దాకా. ఓవర్."

మర్నాడు తొమ్మిది నలభైకి మబ్బు విడింది. వాణ్ణి తీసుకెళ్ళారు. నెల రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు.

పదకొండు నెలలకు నేను ఇంటికొచ్చాను. సంచి చోడవరంలో దింపి, నేరుగా చీడికాడ ఆటో ఎక్కాను. మాత్ర సంగతంతా వాడికి చెప్పేశాను. వాడి ఒళ్ళో పిల్ల ఆడుతోంది.

"కింద క్యాంపులోనే సెప్పుంటే ఏటయ్యేదిరా? ఇంకో వారం ఆలస్యంగా దిగుదును. అంతే కదా," అన్నాడు.

అంతే. ఒక్క వారం. అందుకే ఇప్పుడు మా వీధిలో "జలుబే కదా బాబూ" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వాడు క్షమించాడు. కానీ హెలికాప్టర్ వచ్చిన ఉదయం నా కళ్ళముందు నుంచి పోదు. మంచులో స్ట్రెచర్ పక్కన నేను పరుగెడుతున్నాను. వాడి మొహానికి మాస్కు, మాట రావడం లేదు. అరచెయ్యి ఎత్తి అడ్డంగా ఊపుతున్నాడు, దగ్గరికి రావొద్దని, వాడి జ్వరం నాకు అంటుకుంటుందని.