తుడిచేసిన తడి

నా చిన్నప్పుడు నేర్చుకోవలసిన అక్షరాలు నాకు అరవై రెండో ఏట వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇంతకాలం రాయలేకపోయాను. నన్ను ఇంకా బడిలో వేయకముందే నాన్న పోయాడు. అమ్మ నన్నూ ఒక ట్రంకు పెట్టెనూ తీసుకుని రాంనగర్‌లో తన అన్న ఉండే కిరాయి గదికి వచ్చేసింది. ఆ తర్వాత బడి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ముప్పై ఏళ్ళుగా అశోక్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నాను. సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ళలో మూడుసార్లు పరీక్ష తప్పిన ఒకమ్మాయి, మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక నన్ను వంటింటి గడపలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఒక పేజీ రాస్తే మణికట్టు లాగుతుంది. ఆ నొప్పి నాకు కొత్తది కాదు. పదేళ్ళ వయసు నుంచీ తెలుసు.

మా మేనమామకు చిక్కడపల్లిలో ఒక సందు చివర రేకుల షెడ్డు ఉండేది. కార్ల ఇంజన్లు బాగుచేసేవాడు. మధ్యాహ్నం ఆయనకు అన్నం తీసుకుపోయిన దాన్ని సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయేదాన్ని. మొదట్లో సామాన్లు కిరోసిన్‌లో కడిగేదాన్ని. పదేళ్ళు వచ్చేసరికి వాల్వులు నూరడం నేర్పాడు.

ఇంజను పైభాగాన్ని హెడ్డు అంటారు. ఇనుముతో చేసిన ఆ బరువైన దిమ్మలో ఎనిమిది వాల్వులు ఉంటాయి. నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. సన్నటి కాడ మీద పుట్టగొడుగు గొడుగు పెట్టినట్టు ఉంటుంది ఒక్కో వాల్వు. ఆ గొడుగు అంచు హెడ్డులో ఉన్న గుండ్రటి సీటు మీద గట్టిగా కూర్చోవాలి. వెంట్రుకంత సందు మిగిలినా లోపలి మంట అందులోంచి దూరి అంచును కాల్చేస్తుంది. సీట్లు గుంటలు పడితే మామ హెడ్డును గోనెపట్టాలో చుట్టి సైకిలు మీద పెట్టుకుని నారాయణగూడలో లేత్ షాపుకు తీసుకుపోయేవాడు. వాళ్ళు రాయి తిప్పి సీట్లు కోసి ఇచ్చేవారు. అసలు పని ఆ తర్వాత ఉండేది. సీటు మీద నల్లటి పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను వాల్వుకు అంటించి, కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య తిప్పాలి. కాసేపటికోసారి ఎత్తి, కొంచెం జరిపి, మళ్ళీ తిప్పాలి. మొదట గరగరమంటుంది. గంటసేపు తిప్పాక చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు తుడిచి చూస్తే అంచు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు గీత కనిపించాలి. మామ అరచేతుల్లో గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడొకడు షెడ్డుకు వస్తే, "ఇండ్ల ఏం రాసి లేదు, పోవయ్యా" అని పంపేశాడు.

అలా నూరిన వాల్వు ఆ సీటుకే పనికొస్తుంది, పక్క సీటుకు పనికిరాదు. అందుకని ఎనిమిది బెజ్జాలున్న చెక్క ఒకటి ఉండేది. ఏ సీటు వాల్వు ఆ సీటు బెజ్జంలోనే ఉండాలి. కడిగేటప్పుడు ఒక్కదాన్నే తీసి, కడిగి, తుడిచి, దాని బెజ్జంలో పెట్టాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. కడగడం నా పని.

ఆ రోజు షెడ్డులో ఉన్నది ఒక టాక్సీ. దాన్ని నడిపే పెద్దాయన అంతకుముందు వేరే ఎక్కడో వాల్వులు చేయించుకున్నాడు. ఇరవై రోజులకే ఒకటి కాలిపోయింది. మళ్ళీ ఇంజను విప్పించడానికి బండిని మామ దగ్గరికి తెచ్చి, రోజూ వచ్చి డ్రమ్ము మీద కూర్చునేవాడు. "ఇంకోపారి కాలిందంటె బండి అమ్మేస్త ఉస్తాద్. అమ్మి మా ఊర్ల మంది బర్రెలు కాస్త," అనేవాడు. "కాలదన్నా. నా మాట," అనేవాడు మామ. మామ ఎవరికీ అంత తొందరగా మాట ఇచ్చేవాడు కాదు.

ఎనిమిది వాల్వులూ మామా నేనూ రెండు రోజులు నూరాం. ఆఖరిది అయ్యేసరికి చేతులు పైకి లేవలేదు. అదే మధ్యాహ్నం పక్కింటి అక్క నన్ను మ్యాట్నీకి తీసుకుపోతానంది. మామ బయట పంపు దగ్గర చేతులు కడుక్కుంటుండగా తను షెడ్డు ముందుకొచ్చి నిలబడింది.

"ఏందే, ఇంక కాలేదా? టికెట్లు దొరకయి, నీ నూనె చేతులు నువ్వూ!"

"అయిపోయినయక్కా, కడుగుడే ఉంది."

కడగడానికి ఒక్కొక్కటీ తీస్తూ కూర్చుంటే ఆట మొదలైపోతుంది. నేను ఎనిమిదింటినీ ఒకేసారి కిరోసిన్ పళ్ళెంలో వేసేశాను. చెయ్యి పెట్టి గలగలా కడిగాను. కడిగాక గానీ చేసిన పని తెలియలేదు. పెద్దవి నాలుగూ ఒకేలా ఉన్నాయి. చిన్నవి నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఏది ఏ సీటుదో చెప్పే గుర్తు వాటి మీద ఏమీ లేదు. తుడిచి, పెద్దవి పెద్దవాటి బెజ్జాల్లో, చిన్నవి చిన్నవాటి బెజ్జాల్లో చేతికొచ్చినట్టు పెట్టేశాను.

మామ వచ్చి చెక్క చూసి, తల ఊపి, వరసగా వాల్వులు దించి స్ప్రింగులు ఎక్కించాడు. తర్వాత హెడ్డును తలకిందులు చేసి రెండు చెక్కల మీద నిలబెట్టాడు. వాల్వులు కూర్చున్న గుంటల్లో కిరోసిన్ నింపాడు. పని సరిగా అయితే ఆ కిరోసిన్ అలాగే నిలుస్తుంది. ఏ వాల్వయినా సరిగా కూర్చోకపోతే హెడ్డు పక్కగోడకు ఉన్న బెజ్జాల్లోంచి తడి వస్తుంది.

"నేను నారాయణగూడ పోయి హెడ్డు కింద ఏసే గాస్కెట్ తెస్త. వచ్చెదాంక జూస్తుండు. అటెంక సినిమాకు పోదువు గానీ," అని సైకిలెక్కాడు.

అక్క విసుక్కుంటూ గడపలో కూలబడింది. నేను హెడ్డు ముందు కూర్చున్నాను. కొంచెంసేపటికే ఒక బెజ్జం అడుగున చెమట పట్టినట్టయింది. తర్వాత ఇంకొకటి. తడి బొట్టయి, బొట్టు జారి చెక్క మీద పడింది. నేను గుడ్డ తీసుకుని తుడిచాను. గుంటలో తగ్గిన కిరోసిన్ సీసాలోంచి మళ్ళీ పోశాను. మామ వచ్చేలోపు అలా నాలుగైదుసార్లు తుడిచాను. సైకిలు గంట వినగానే గుడ్డను డ్రమ్ము వెనక్కి తోసేశాను.

మామతోపాటు టాక్సీ ఆయన కూడా వచ్చాడు.

"కారిందా?" అన్నాడు మామ.

"లేదు మామా."

మామ వంగి చూడలేదు. వేలు పెట్టి కూడా చూడలేదు. టాక్సీ ఆయన వైపు తిరిగి, "అన్నా, నేను జూడలే. మా పిల్ల జూసింది. దాని మాటంటె నా మాటే. రేపు పొద్దుగాల రా, హెడ్డు ఎక్కిద్దాం," అన్నాడు.

ఆ పెద్దాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నా బండి బతికిచ్చినవు బిడ్డా," అన్నాడు. నేను ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. అక్క నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆ సినిమాలో ఏం జరిగిందో ఇంటికొచ్చాక అమ్మ అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను.

పొద్దు గూకే వేళ మామ ఇంటి అరుగు మీద కూర్చుని మణికట్లకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. ఆ రోజు బాగా అలిసిపోయి ఉన్నాడు. నేను పక్కన కూర్చుని, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను.

"మామా, జర కారుతుండంగనే హెడ్డు ఎక్కిస్తె ఏమైతది?"

మామ నా వైపు చూడలేదు. నూనె రాసుకుంటూనే ఉన్నాడు.

"ఏం గాదు. స్టార్ట్ అయితది. మంచిగనే ఉరుకుతది. ఓ ఇరవై దినాలు ఉరుకుతది."

"అటెంక?"

"అటెంకేముంది. నన్ను తిట్టి పోతడు. తిట్లు నాకు కొత్తనా? ఆయన బండే ఉండది." నూనె గిన్నె పక్కన పెట్టి గోడకు ఆనుకున్నాడు. "నాకు మస్తు అలసటైంది బిడ్డా. పోయి తిను."

నాకు చెప్పాలని ఉంది. చెబితే రెండు రోజుల చాకిరీ మళ్ళీ మొదటికొస్తుంది. ఆ మణికట్లను చూస్తూ అది చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన అలసట మీద జాలితోనే నోరు మూసుకున్నానని అప్పుడు అనుకున్నాను. తిట్ల భయం కూడా ఉందని చాలా ఏళ్ళకు ఒప్పుకున్నాను.

మామ పోయి చాలా కాలమైంది. ఆ షెడ్డు ఉన్న చోట నాలుగంతస్తుల భవనం వచ్చింది. కింది అంతస్తులో పరీక్షల పుస్తకాలు అమ్ముతారు. కూరగాయలకు పోయి వచ్చేటప్పుడు సంచి దించి అక్కడ కాసేపు ఆగుతాను, కాళ్ళు ఆగమంటాయి కాబట్టి. ఇన్నేళ్ళ బతుకులో అలసటే నాకు ఎక్కువగా తోడున్నది. అలిసిపోయిన మనిషి చేతికి తుడిచే గుడ్డ చాలా తొందరగా అందుతుంది. పప్పు అడుగంటినా, బియ్యంలో పురుగు కనిపించినా, ఒంట్లో బాగాలేకపోయినా, ఎవరూ చూడకముందే తుడిచేసి ఏమీ లేదనాలనిపిస్తుంది. అలా అనిపించిన ప్రతిసారీ నా నెత్తి మీద ఆ పెద్దాయన చెయ్యి బరువు తగులుతుంది. హాస్టలమ్మాయి నాకు ఒత్తులు నేర్పేటప్పుడు, "సమఝైందా అమ్మమ్మా?" అని అడిగేది. కాకపోతే కాలేదనేదాన్ని. ఒకే ఒత్తు మీద వారం రోజులు కాలేదన్నాను. "నా ఓపిక పరీక్ష పెడుతున్నవా?" అని నవ్వేది తను, మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. అవునని తల ఊపి ఉంటే ఈ నాలుగు పేజీలు ఉండేవి కావు.

అరుగు మీద మామను అడిగిన మర్నాడు పొద్దున్నే, మామ ఇంకా పాలకు పోయి రాకముందే, మేకుకు తగిలించిన తాళంచెవి తీసుకుని ఒక్కదాన్నే రాంనగర్ నుంచి చిక్కడపల్లికి నడిచాను. షెడ్డు తలుపు తోసి చూస్తే, నేను డ్రమ్ము వెనక తోసేసిన గుడ్డ తాడు మీద ఆరేసి ఉంది. ఎప్పుడూ నాకందని పై అలమరలో ఉండే పేస్టు డబ్బా హెడ్డు పక్కనే ఉంది. దాని పక్కన నూరే కర్ర కూడా ఉంది. నేను సినిమాకు పోయాక, షెడ్డు మూసే ముందు మామ పెట్టి ఉంచాడు. అంటే సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడే ఆయనకు తెలుసు. నేను నోరు విప్పుతానని చూశాడు. విప్పకపోతే ఊరుకున్నాడు.

గుంటలు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. సీసా వంచి కిరోసిన్ నింపాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తడి వచ్చింది. బొట్టు జారింది. చెక్క మీద మరక పెద్దదవుతూ పోయింది. నేను కదల్లేదు.

మామా టాక్సీ ఆయనా కలిసే వచ్చారు. టాక్సీ ఆయన ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, ఆ రోజే బండి రోడ్డెక్కుతుందన్నట్టు వచ్చాడు.

"కారిందా?" అన్నాడు మామ, నిన్న అడిగిన గొంతుతోనే.

"కారింది మామా. నిన్న గూడ కారింది. నేనే తుడిచిన. వాల్వులన్ని ఒక్కపారే కడిగి కలిపేసిన."

టాక్సీ ఆయన మరక వంక చూశాడు, నా వంక చూశాడు. "నీ నెత్తి మీద చెయ్యి పెట్టిన గదనే నిన్న. అప్పుడు ఎరుకనా నీకు?"

"ఎరుకే."

ఆయన డ్రమ్ము మీద కూలబడ్డాడు. ఉతికిన చొక్కా గుండీలు రెండు విప్పుకున్నాడు. "ఎన్ని దినాలు కూసుంటి. ఇంకో రెండు దినాలకు నేనేం సావను గానీ, ఉస్తాద్, ఈపారి ఈ పిల్లను సినిమాకు తోలకు," అన్నాడు.

మామ చొక్కా విప్పి మేకుకు తగిలించి, హెడ్డును పక్కకు ఒరిగించి, స్ప్రింగులు నొక్కే ఇనుప పట్టును అందుకున్నాడు. ఎనిమిది వాల్వులూ తీసి చెక్కలో పెట్టాడు. పెట్టి, ఆ చెక్కను నా ముందుకు జరిపాడు.

నేను డబ్బా మూత తిప్పి మొదటి సీటు మీద పేస్టు రాశాను. కర్రను అరచేతుల మధ్య పెట్టుకుని, మళ్ళీ గరగరతో మొదలుపెట్టాను.