పైపైన గీకిన మట్టి

ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటి వేసవి అది. తెనాలి స్టేషన్లో బాపట్ల బండి కోసం కూర్చున్నాను. మట్టి పరీక్షలు చేసే ఉద్యోగం నాది. నా చేతిలోని భూసార పరీక్ష కాగితాలు చూసి, పక్కనున్న పెద్దాయన సంచి విప్పాడు. అందులో చీర పీలికలతో కట్టిన మట్టి మూటలున్నాయి. రేపల్లె అవతల సముద్రం ఒడ్డున ఆయన ఊరట. ఆ మట్టిని పరీక్షకివ్వడానికి ఆయనా బాపట్లే వెళ్తున్నాడట.

"మట్టిని పరీక్ష చేస్తే సంత ఎక్కడ జరిగేదో తెలుస్తుందంటగా బాబూ? ఊరంతా ఇసక మేటేసి గుర్తులన్నీ పోయాయండి. ఆ రోజు మా ఆవిడ చేపల బుట్టతో సంతలోనే ఉంది. మనిషి దొరకలేదు. ఆవిడ కూర్చునే చోటు తెలిస్తే ఓ సిలువన్నా పాతుకుంటాను."

తెలుస్తుందనే చెప్పాను. ఏళ్ళ తరబడి చేపలమ్మిన నేలలో భాస్వరం పేరుకుపోతుంది. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తీరా మూటలు విప్పి చూస్తే అన్నింట్లోనూ సముద్రపు ఇసకే. నాకు చిరాకేసింది.

"పైపైన గీకి తెచ్చారేంటండీ? ఇది ఉప్పెన తెచ్చి పోసిన ఇసక. మోకాటిలోతు తవ్వితే గానీ పాత నేల తగలదు. ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు బాబూ," అన్నాడు మూటలు మళ్ళీ కట్టుకుంటూ. "మూడుసార్లు పార పట్టుకెళ్ళానండి. తవ్వుతుంటే ఆవిడకి తగిలితేనో?"

బాపట్ల బండి వచ్చింది. ఆయన ఎక్కలేదు.

ఆ ఉద్యోగంలో ఇంకా చాలా ఏళ్ళున్నాను. పైమట్టి గీకి తెచ్చినవాళ్ళని, ఎందుకు తవ్వలేదని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.