మాల్‌సున్ అత్త దింపించిన రేకులు

మాల్‌సున్ అత్త మొదటి ముక్క ఎప్పుడూ తాను తినేది కాదు. తినే పుల్లల కొసతో దాన్ని ఎదుటివాళ్ళ వైపు తోసేది. చేప అయినా, ముల్లంగి అయినా, నిప్పుల మీద కాలిన పంది మాంసం అయినా అంతే. తోసి, చెయ్యి వెనక్కి తీసుకుని, వాళ్ళు నమిలే దాకా చూసేది. వాళ్ళు మింగాకే తన గిన్నె దగ్గరికి లాక్కునేది.

మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు రాతిగోడ. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన రోజు వంట ఆమెదే. ఆ రోజు కూడా నా వైపు ఒక ముక్క తోసింది. నేను సిగ్గుతో ముట్టుకోలేదు.

"తినవే పిల్లా. చూస్తుంటే కడుపు నిండదు" అంది.

గడ్డికప్పులు తీసెయ్యమని పైనుంచి చెప్పిన ఏడాది ఊళ్ళోకి లారీల నిండా సిమెంటు రేకులు వచ్చాయట. ఆమె భర్త గప్సు మామ తన ఇంటి మీదికి తానే ఎక్కి మేకులు కొట్టాడు. అత్త కింద నిలబడి రేకులు అందించింది. ఒకటి చెయ్యి జారి విరిగింది. విరిగిన ముక్కను మామ పారెయ్యలేదు. వాగు ఒడ్డున రాళ్ళ మీద పెట్టి, కింద నిప్పు చేశాడు. రేకు వంపుల గాడుల వెంట కొవ్వు జారిపోయింది. మాంసం మాడకుండా కాలింది.

అప్పటినుంచి నాట్లు అయినా, కోతలు అయినా, ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆ ముక్క బయటికి వచ్చేది. ఊళ్ళో దాని పేరు గప్సు రేకు. మాంసం తిప్పడం మామ పని. ముక్కలు తోయడం అత్త పని.

మామ ఒక చలికాలం నిద్రలో పోయాడు. రేకు అత్త దగ్గర ఉండిపోయింది.

ఆ తరవాత చాలా ఏళ్ళకు, సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉంటుందని, దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్ళీ బయటికి రాదని టీవీలో చెప్పడం మొదలుపెట్టారు. మండలాఫీసు వాళ్ళు ఊరూరికీ వచ్చి చెప్పి వెళ్ళారు. ఒక్కొక్క కప్పే దిగింది. మాదీ దిగింది. నీలం ఇనుప కప్పులు లేచాయి. మిగిలింది మాల్‌సున్ అత్త ఇల్లు.

ఊరిపెద్ద ప్యో వారం వారం గోడ దగ్గరికి వచ్చేవాడు.

"పెద్దమ్మా, కొండ మీంచి చూస్తే మన ఊరు పన్ను ఊడిన నోరులా కనిపిస్తోంది. నీ ఇంటి దగ్గర నల్లగా."

"ఊడింది మీ పళ్ళురా. మిగిలిన పన్ను నాది. ఉండనీ."

"నీ ఆరోగ్యం కోసం చెబుతున్నా."

"నేను పోయాక తీయించు. అప్పుడు నేనేం అడ్డు రాను."

మొండిది అనుకున్నారు అందరూ. కారణం అది కాదు.

గప్సు మామ చెల్లెలు జొమ్రే ఈ ఊళ్ళోనే ఉంటుంది. నోటి దురుసు మనిషి. పోయిన చలికాలం నుంచి ఆమెకు దగ్గు. మాటకూ మాటకూ మధ్య దగ్గుతుంది, దగ్గు మీద కూడా హాస్యమాడుతుంది. ఆమె దగ్గినప్పుడల్లా అత్త చేతిలోని పుల్లలు గాల్లో ఆగిపోయేవి.

ఒక మధ్యాహ్నం అత్త ఎండబెట్టడానికి టమాటాల్లా ఎర్రగా పండిన కాకి పండ్లకు తొక్క తీస్తూ, నా వైపు చూడకుండా అంది.

"ఆ రేకులో ఉన్నది విషమైతే, ఇన్నాళ్ళూ నా చేత్తో జనానికి పెట్టిందేంటి?"

ఆమె చేతిలో తొక్క తెగకుండా పొడుగ్గా దిగుతూనే ఉంది.

కప్పు దింపితే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టు. అందుకని దింపలేదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. నీళ్ళు ఆమె పడుకునే గదిలోకే దిగాయి. అట్టకాగితం అంటించిన నేల ఉబ్బిపోయింది. గిన్నె పెట్టింది. తరవాత బకెట్ పెట్టింది. వానలు వెనకబట్టాక ఒక రోజు గోడ మీదికి వంగి, "కప్పు దింపడానికి ఎవరినైనా చూడాలి" అంది.

ముందు వచ్చింది దొక్‌గు. జొమ్రే తరఫు మనిషి, చిన్న లారీ, ఒక సుత్తి.

"దీనికి తెల్ల సూట్లు వేసుకుని చంద్రుడి మీదికి పోయినట్టు పోవాలా అక్కా? నాలుగు దెబ్బలు వేస్తే కిందుంటుంది. కొండ వెనక గొయ్యి తీసి పూడ్చేస్తా. మూడో కంటికి తెలీదు."

వసారాలో చూరు కింద కూర్చున్నాడు. అత్త బియ్యం కల్లు పోసింది. కారం పట్టించి ఊరేసిన ముల్లంగి కిమ్చి తోసింది. అతను గిన్నె అడుగు దాకా ఊడ్చి, "ఉప్పు పడాల్సినంత పడింది అక్కా" అన్నాడు.

అత్త నాతో అంది. "మంచోడు. పెట్టింది పెట్టినట్టు తిన్నాడు."

మా వైపు అంతే. బావి తవ్వేవాడైనా, గోడ కట్టేవాడైనా, ముందు ఏదో ఒకటి పెడతారు. తిన్నవాడికి పని. ఇంటి తిండి వద్దన్నవాడికి ఇల్లు ఎలా అప్పగిస్తారు?

సంగతి ప్యోకి తెలిసింది. లబోదిబోమంటూ మర్నాడే లైసెన్సు ఉన్న మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. అతని పేరు తక్. నడివయసు, తక్కువ మాటలు. ఇంటి చుట్టూ తిరిగాడు. చూరు అంచు చూశాడు. వసారా చెక్క మీద వేలు రాసి, ఆ వేలు చూసుకుని, జేబులోంచి తడిగుడ్డ తీసి తుడుచుకున్నాడు.

అత్త పళ్ళెంలో కాకి పండు ముక్కలు కోసి తెచ్చింది. ఒకటి అతని వైపు తోసింది.

"వద్దమ్మా."

"తియ్యగా ఉంది."

"ఇక్కడ వద్దమ్మా."

అత్త పళ్ళెం చప్పుడయ్యేలా కింద పెట్టింది. తక్ తల వంచి దణ్ణం పెట్టి వీధిలోకి నడిచాడు. ప్యో ఏం చెయ్యాలో తెలీక అతని వెనక పరిగెత్తాడు.

వసారాలో కూర్చున్న జొమ్రే నవ్వింది. "వదినా, ఆ వాలకం చూశావా? పెళ్ళిచూపులకొచ్చి పిల్ల నచ్చలేదని చెప్పలేక పారిపోయినట్టు లేదూ?" నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

తక్ మా పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి ఆగాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు. తరవాత కొంచెం మొహమాటంగా నన్ను అడిగాడు.

"పిన్నీ, ఆ పెద్దావిడ పళ్ళెంలో పండు ఇంకా ఉంటుందా? పొద్దుటినుంచి ఏం తినలేదు."

గోడ అవతల అత్త విన్నది. పళ్ళెం పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చింది. తక్ మా పెరట్లో నిలబడే తిన్నాడు. ఆకలిగా తిన్నాడు.

"నా ఇంట్లో ముట్టవు. నా పండు మాత్రం కావాలేం?"

"పండు మీద నాకేం కోపం లేదమ్మా. మీ చూరు కింద తినను, అంతే. రేకు అంచు పొడిగా రాలుతోంది. వసారా మీద కూడా ఉంది. అక్కడ నా పనివాళ్ళని మంచినీళ్ళు కూడా తాగనివ్వను."

అత్త పళ్ళెం గోడ మీద పెట్టి అడిగింది.

"దాని కింద తినడమే తప్పయితే, దాని మీద కాల్చుకు తినడం?"

తక్ నమలడం ఆపాడు.

"మా నాన్నా కాల్చేవాడమ్మా, ఏటి ఒడ్డున. ఊది ఊది నా నోట్లో పెట్టేవాడు. అప్పట్లో ఎవరు కాల్చలేదు?"

"ఆయనకేమయింది?"

"ఏమీ కాలేదు. రోజూ ఫోన్ చేసి నన్ను తిడతాడు. అందరికీ అలాగే అవుతుందని చెప్పలేను. నాకు తెలిసింది కప్పు దించడం. లోపలి సంగతి ఛాతీ ఫొటో చూసి డాక్టరు చెప్పాలి."

అత్త ఇంకో ముక్క అతని వైపు తోసింది.

"విరిగిన రేకులు, పాత ముక్కలు ఇంకెక్కడైనా ఉన్నాయా అమ్మా? కోళ్ళ గూటి మీద, మడుల గట్ల దగ్గర? ఉంటే అవీ తీసుకెళ్ళాలి."

"లేవు" అంది అత్త.

గప్సు రేకు ఆమె పెరట్లో సోయా పచ్చడి ఊరేసిన జాడీల వెనక గోడకు ఆనించి ఉంది. పైన గోనెపట్టా. ఊరంతటికీ తెలుసు.

సాయంత్రం దొక్‌గు వచ్చాడు. అత్త అతనికి వద్దని చెప్పేసింది.

"మెతుకు ముట్టని వాడికిచ్చావా అక్కా పని?"

"ముట్టాడు. ఎక్కడ తినాలో చూసుకుని తిన్నాడు."

గాలి లేని రోజు చూసి తక్ మనుషులు వచ్చారు. అందరూ తెల్ల సూట్లు, ముఖానికి మాస్కులు. ఇంటి చుట్టూ నేల మీద ప్లాస్టిక్ పరిచారు. రేకుల మీద నీళ్ళు చల్లారు. ఆరకుండా మళ్ళీ మళ్ళీ చల్లారు. సుత్తి చప్పుడు వినిపించలేదు. మేకు వదులు చేసి, రేకును పగలకుండా లేపి, కిందికి అందించారు. కింద ఒకతను అందుకున్నాడు.

మేం మా వసారాలో దూరంగా కూర్చున్నాం. అత్త కళ్ళు పైకెత్తి చూస్తూనే ఉంది. ఆమె కింద నిలబడి అందించిన రేకులే.

"వదినా, మీ ఇల్లు తలంటుకుంటున్నట్టుంది" అంది జొమ్రే.

అత్త నవ్వలేదు. చేతులు మాత్రం ఒళ్ళో కొద్దిగా కదిలాయి, బరువు అందుకుంటున్నట్టు.

పొద్దు వాలే వేళకు వాసాలు మిగిలాయి. వాసాల మధ్య ఆకాశం. రేకులన్నీ చుట్టి లారీలో పెట్టారు. పనివాళ్ళు సూట్లు విప్పి సంచిలో కట్టి, ఒళ్ళు కడుక్కుని, వేరే బట్టలు వేసుకుని మా పెరట్లోకి వచ్చారు. పని అయ్యాక మాంసం పెట్టకుండా పంపితే ఇంటికి తలవంపులు. అత్త పొద్దున్నే పంది పొట్టమాంసం తెప్పించింది. నేను నిప్పులు చేశాను. పాలకూరలాంటి ఆకులు, వెల్లుల్లి, కల్లు గిన్నెలు. పెనం ఒక్కటే లేదు.

"మా అన్న రేకేదీ?" అంది జొమ్రే. "గప్సు రేకు లేకుండా మాంసమేంటి? జాడీల వెనకుందిగా వదినా, పట్రా!"

జొమ్రే అందరి మొహాలూ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తక్ గిన్నె కింద పెట్టాడు. అత్త వైపు చూశాడు. అడగలేదు.

"ఉంది" అంది అత్త. "నీతో అబద్ధం చెప్పాను. రా, చూపిస్తా."

తక్ లేచి లారీ దగ్గరికి వెళ్ళి కొత్త సూటు తొడుక్కున్నాడు.

"మేస్త్రీ, మాంసం చల్లారిపోద్ది!" అని ఎవరో అన్నారు.

"ఇంకా కాలనే లేదు. ఎలా చల్లారుద్దిరా?"

అత్తని దూరంగా నిలబెట్టి, గోనెపట్టా తడిపి తీశాడు. రేకు ఒక పక్క బూడిద రంగు. రెండో పక్క నల్లగా, ఏళ్ళ కొవ్వు పట్టి నున్నగా. దాన్నీ తడిపి, ప్లాస్టిక్‌లో చుట్టాడు. మీద ఇంకో చుట్టు చుట్టాడు. అంచులు టేపుతో మూశాక, అత్త నడిచి వచ్చి ఆ చుట్ట మీద అరచెయ్యి పెట్టింది.

"ఈ ఊళ్ళో నేను ముక్క తొయ్యని మనిషి లేడు" అంది.

తక్ నిలబడ్డాడు. చుట్ట ఎత్తబోతూ అడిగాడు.

"తీసుకెళ్ళనా అమ్మా?"

అత్త చెయ్యి తీసేసింది. "తీసుకెళ్ళు."

మా వంటింట్లో అత్తగారి కాలం నాటి ఇనుప కాగు ఉంది. రేకులు రాకముందు ఈ ఊళ్ళో మాంసం కాల్చింది దాని మూత మీదేనట. మాల్‌సున్ అత్తే గుర్తు చేసింది. మూత తిరగేసి నిప్పుల మీద పెట్టాం. కొవ్వు పోయే దారి లేక నడిమధ్య గుంటలో చేరింది.

"మాంసం ఈత కొడుతోంది" అంది జొమ్రే.

"అయితే కిమ్చి వెయ్యి. కొవ్వు అదే తాగుతుంది" అంది అత్త.

మొదటి ముక్క కాలింది. అత్త పుల్లలతో తీసింది. ఎవరి వైపు తోస్తుందా అని అందరం చూశాం. ఆమె దాన్ని తన నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. మింగింది. రెండో ముక్క జొమ్రే వైపు తోసింది.

"ఏంటి వదినా, అంత ఆకలేసిందా?"

"తిను."

జొమ్రే ఆకులో చుట్టి నోట్లో పెట్టుకుంది. సగంలో దగ్గు వచ్చింది. వంగిపోయింది. నేను నీళ్ళు ఇచ్చాను. దగ్గు ఆగేదాకా అత్త వీపు రాసింది.

"రేపు పొద్దున బస్సుకి తయారుగా ఉండు."

"ఎక్కడికి?"

"పట్నం ఆసుపత్రికి. ఛాతీ ఫొటోకి."

"నాకేం రోగం లేదు."

"నాకు భయముంది. నా కోసం రా."

జొమ్రే ఆమె మొహం చూసి, ఇంకో ముక్క ఆకులో చుట్టుకుంది. పనివాళ్ళు మాంసం అంతా తిన్నారు. తక్ వెళ్తూ వెళ్తూ అత్తకి గౌరవంగా రెండు చేతులా కల్లు పోశాడు.

ఆ రాత్రి అత్త మా ఇంట్లో పడుకుంది. తెల్లవారేసరికి మంచు పట్టింది. ఆమె మంచి కోటు వేసుకుని, అవతలికి వెళ్ళి, కప్పు లేని ఇంటికి తాళం వేసి వచ్చింది. జొమ్రే ఇంకా దుప్పట్లోనే ఉంది. అత్త ఆమెను లేపి, మొహం కడిగించి, మెడకు గుడ్డ చుట్టింది. ముగ్గురం బస్సెక్కాం.

ఆసుపత్రిలో బల్ల మీద వరసగా కూర్చున్నాం. లోపలినుంచి జొమ్రే పేరు పిలిచారు. జొమ్రే లేవలేదు. మోకాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంది. మళ్ళీ పిలిచారు.

అత్త లేచింది. కోటు విప్పి జొమ్రే ఒళ్ళో పెట్టింది.

"నాదీ తీయాలి. ముందు నాది తీయండి" అని, లోపలికి వెళ్ళింది.