ఎనభై దాటితే మోగే కారు

మా కొత్త కారు నన్ను మొదటిసారి గద్దించింది వెంకటాచలం దగ్గర, హైవే మీద. ‘టింగ్’ మంది. తలుపు సరిగా పడలేదేమో అనుకున్నాను. మళ్లీ ‘టింగ్’. అప్పుడు చూస్తే ఎదురుగా తెర మీద ఎనభై ఒకటి అని కనపడింది. ఎనభై దాటితే మోగాలట, అది రూలట. సరే, రూలే. సరిగ్గా అప్పుడే ఒక బొగ్గు లారీ, పట్టా సగం ఊడి గాలికి కొట్టుకుంటుండగా, నా ఎడమ పక్క నుంచి దూసుకుపోయింది. దాని వెనక ఒక్క లైటు వెలగడం లేదు. దాన్ని అడిగే నాథుడు లేడు. బెల్టు పెట్టుకుని, నా దారిన నేను పోతున్న నాకు మాత్రం టింగు!

ఇరవై ఆరేళ్లుగా పిల్లల్ని గద్దిస్తున్న టీచర్ని నేను. నన్నొక ఇనుప డబ్బా గద్దించడం ఏమిటని ఒళ్లు మండిపోయింది.

అసలు ఆ కారు కొన్నది స్పీడు కోసం కాదు, షోకు కోసం అంతకన్నా కాదు. మా ఆయన చెవి కోసం కొన్నాం. ఆయన ఇరవై రెండేళ్లు రైసు మిల్లులో మిషన్ల దగ్గర పనిచేశారు. ఆ రొదలో ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కొంత మిగిలింది. “ఈ మిగిలింది కాపాడుకోవాలమ్మా. ఏమాత్రం తగ్గినట్టు అనిపించినా ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి” అన్నారు నెల్లూరులో డాక్టరు గారు. మిల్లువాళ్లు ఆయన్ను లోపలి నుంచి బయట గోడౌనుకు మార్చారు. చెవికి మిషను పెట్టించాం.

అప్పటిదాకా మా పాత కారు ఆయనే నడిపేవారు. పక్కన కూర్చున్న నా వైపు ఉండేది పోయిన ఎడమ చెవి. నేనేం చెప్పినా ఆయన మొత్తం తల తిప్పాలి, తిప్పితే రోడ్డు చూడరు. రెండుసార్లు చావు తప్పింది మాకు. అప్పుడు నలభై ఏడేళ్ల వయసులో నేను డ్రైవింగు నేర్చుకున్నాను. మా ఆడపడుచు నవ్వింది, మా స్కూల్లో నవ్వారు, గేరు మార్చినప్పుడల్లా పాత కారు కూడా నవ్వినట్టే దగ్గేది. నవ్వితే నవ్వారు. ఆయన్ను ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటే మిగిలిన కుడి చెవి నా వైపుకు వస్తుంది. నాకు కావలసింది అదే.

ఇల్లు నెల్లూరులో. ఆయన మిల్లు వెంకటాచలం దాటాక. నా స్కూలు అక్కడి నుంచి కృష్ణపట్నం వైపు పోయే దారిలో. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. ఇంట్లో టీవీ, కుక్కరు, మా అత్తగారి ఫోను కబుర్లు, వీటన్నిటి మధ్య ఆయనకు ఒక్క మాటా తెలియదు. మిషను తీసి గూట్లో పెట్టేసి పడుకుంటారు. అందుకని మాకు మాటలంటే కారులోనే. పాత కారు యాభై దాటేది కాదు. ఊగుతూ, కిటకిటలాడుతూ పోయేది గానీ మాట మింగేది కాదు. ధర కోసం వడ్లలో తేమ తక్కువ చూపించాలని ఎవరెవరు ఏ వేషాలు వేశారో ఆయన చెప్పేవారు. నేను మా ఆరో తరగతి సంగతులు చెప్పేదాన్ని. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో మేము మాట్లాడుకున్నదాంట్లో సగం ఆ పాత కారులోనే అయి ఉంటుంది.

అది మరీ ముసలిదైపోయి రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. కొత్తది కొంటే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది, ఇంకా బాగా మాట్లాడుకోవచ్చు అనుకున్నాం. షోరూములో కుర్చీల్లాంటి సీట్లలో కూర్చోబెట్టి తలుపులు వేశాడు అక్కడి అబ్బాయి. “వినండి మేడం, బయట శబ్దం ఒక్కటి కూడా రాదు” అన్నాడు. నిజంగానే రాలేదు. ఎలా వస్తుంది? బండి ఏసీ గదిలో, గచ్చు మీద నిలబడి ఉంది కదా! తర్వాత ఊళ్లో ఒక చుట్టు తిప్పించారు, ట్రాఫిక్కులో ఇరవై మీద. చీర కొనేటప్పుడు పోగు లాగి చూసే నేను, కారును హైవే ఎక్కించకుండా కొన్నాను.

హైవే ఎక్కాక తెలిసింది. డెబ్బై దాటగానే టైర్ల కింద నుంచి ‘హో’ మని మొదలయ్యేది. పోర్టు లారీలు తిరిగి తిరిగి గరుకెక్కిన రోడ్డు అది. ఆ హోరు కాళ్ల కిందుగా వచ్చి కారంతా నిండేది. చెవి మిషనుకు మాట ఏదో, హోరు ఏదో తేడా తెలియదు, రెంటినీ కలిపి పెంచి చెవిలో పోస్తుంది. ఆయన మొదటి వారంలోనే కారెక్కగానే మిషను తీసి జేబులో వేసుకోవడం మొదలుపెట్టారు. మెల్లగా పోదామా అంటే కుదరదు. ఈ ఏడాది నుంచి తొమ్మిదింటికల్లా స్కూల్లో ఫోనుకు మొహం చూపించి హాజరు వేసుకోవాలి. ఒక్క నిమిషం దాటినా లేటే. సాయంత్రం మెల్లగా పోతే వెనక లారీలు హారను కొట్టి తరిమేవి. అందుకని నేను తొక్కడం, కారు మోగడం. ఆ హోరుకు పైన ఈ టింగు. ఆ హోరులో నేను అరిచి చెప్పేదాన్ని, ఆయన “ఆఁ?” అనేవారు, మళ్లీ అరిచేలోపు ఇది టింగుమనేది.

నేను ఊరుకునే రకం కాదు. షోరూముకు వెళ్లి నిలదీశాను.

“అది ఫీచరు మేడం, మీ సేఫ్టీ కోసమే” అన్నాడు అదే అబ్బాయి.

“మరి ఈ హోరు ఎవరి సేఫ్టీ కోసం?”

టైర్లలో గాలి తగ్గించి చూశాడు. ఏమీ తగ్గలేదు. సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు పరపరమంటున్నాయి, అవి తియ్యమన్నాడు. కొత్తదనం పోతుందని మా అత్తగారు వాటిని తియ్యనివ్వరు. ఆమెతో దానికొక గొడవ పడి కవర్లు చించి పారేశాను. పరపర పోయింది, హోరు అలాగే ఉంది. పాత కారు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి పోయాను.

“అక్కా, స్పీకరు వైరు పీకేస్తే పాయ! గ్యారెంటీ పోద్ది, అంతే గదా. బెల్టు గోల గూడా వద్దనుకుంటే దానికో క్లిప్పు ఉండాది. అది గుచ్చితే బెల్టు పెట్టుకున్నావనే అనుకుంటాది బండి” అన్నాడు అతను నవ్వుతూ. డబ్బా తెరిచి ఆ క్లిప్పులు చూపించాడు. ఊళ్లో సగం మంది కొన్నారట. వద్దులే నాయనా అని వచ్చేశాను.

మా స్టాఫ్ రూములో అందరూ ఒకటే మాట. ఎనభై లోపు పోవచ్చు కదా మేడం అని. పోవచ్చు! లేటు పడితే నా హాజరు వాళ్లు వేస్తారా?

నాకు అసలు కోపం ఇంకోటి ఉంది. కారు ఎనభై ఒకటి మీద ఉందని చెప్పడానికి రూలు రాశారు, స్పీకరు పెట్టారు, కంపెనీల చేత చేయించారు. మంచిదే. మరి ఇరవై రెండేళ్లు ఒక మనిషి ఆ మిషన్ల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకుంటుంటే ఎవరు టింగుమన్నారు? చెవిలో ఇంత దూది పెట్టుకోమన్నారు, అంతే. ప్రతి పండక్కీ స్వీటు డబ్బా ఇచ్చారు. ఆయన దాన్ని సంతోషంగా తెచ్చేవారు, మేము తినేవాళ్లం. నేను కూడా ఏమీ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ స్వీట్లు అన్నిటి మీదా ఒకేసారి కోపం వస్తుంది.

మిల్లు నడిచేటప్పుడు లోపల మాట పనికిరాదని ఆయన చాలాసార్లు చెప్పారు. అంతా చేతులతోనే. అరచెయ్యి బోర్లించి రెండుసార్లు కిందికి నొక్కితే వడ్లు పోయడం తగ్గించమని. పిడికిలి బిగిస్తే ఆపెయ్యమని. చేతులు ఖాళీ లేకపోతే మొహమే. ఎదుటివాడి కనుబొమ్మలు ముడిపడ్డాయంటే ఎక్కడో తేడా కొట్టిందని పరుగెత్తడమే. అన్నేళ్ల అలవాటు కదా, ఇంట్లో కూడా నా మొహం చూసే కూరలో ఉప్పు ఎక్కువైందని కనిపెట్టేస్తారు.

కొత్త కారు వచ్చి మూడు నెలలయ్యేసరికి ఆయన మాట్లాడటం పూర్తిగా మానేశారు. మొదట్లో ఏదో ఒకటి అడిగేవారు, తర్వాత కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. ఇదంతా ఆ హోరు వల్లే అనుకున్నాను. హోరును తిట్టుకున్నాను, టింగును తిట్టుకున్నాను, తిట్టుకుంటూ నడిపాను.

ఒక శనివారం రాత్రి అన్నం తింటూ ఆయన నెమ్మదిగా అన్నారు.

“సోమారం నించి నేను మిల్లు వ్యాన్లో పోతాలే.”

“ఏం? కారుకేమొచ్చింది?”

“కారుకేం రాలా. నువ్వొక్కదానివే అయితే నిమ్మళంగా పోతావు.”

నాకు ఒక్కసారిగా మండింది. చెవి కోసం కారు కొంటే, ఆ చెవి వ్యానులో పోతుందా? “ఎవరేమన్నారు మిమ్మల్ని?” అని అరిచాను.

“ఎవురూ ఏమన్లా. రోజూ చూస్తానే ఉండా గదా నీ మొహం. హైవే ఎక్కినకాడి నించి కనుబొమ్మలు ముడేసుకోని పళ్లు కొరకతా ఉంటావు. చెప్పిందే చెప్పి, అరిచి అరిచి నాతో యిసిగిపోయినావు. ఇంకా ఎన్నాళ్లు అరుస్తావు నువ్వు మాత్రం?”

“అయ్యో, మీ మీద కాదండీ! ఆ టింగు మీద!”

“ఏ టింగు?” అన్నారు ఆయన.

ఆయనకు బొంగురు శబ్దాలే వినపడతాయి. లారీ హారను వినపడుతుంది, కారు హోరు వినపడుతుంది. సన్నని శబ్దాలు ఎప్పుడో పోయాయి. కుక్కరు విజిలు వినపడదు, ఫోను మోగితే వినపడదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. రోజూ విజిళ్లు లెక్కపెట్టి స్టవ్వు కట్టేసేది నేనే. అయినా ఆ టింగు మాత్రం ఆయనకూ వినపడుతుందని, మేమిద్దరం కలిసి దాన్ని భరిస్తున్నామని మూడు నెలలూ అనుకున్నాను. ప్రపంచంలో అందరి మీదా కోపం పెట్టుకోవడానికి తీరిక దొరికింది గానీ, పక్క సీట్లో మనిషికి ఏం వినపడుతుందో ఒక్కసారి అడగడానికి దొరకలేదు. నా అంత తెలివితక్కువది ఉంటుందా!

దగ్గర కూర్చుని, పెదవులు కనపడేలా, మొత్తం చెప్పాను. ఎనభై దాటితే కారు మోగుతుందని, నేను దాన్ని చూసి పళ్లు కొరుకుతున్నానని.

“కారు అరస్తాదా!” అని ఆయన చాలాసేపు నవ్వారు. “నేను నిన్ను యిసిగిస్తన్నా అనుకుంటి.”

సోమవారం వ్యాను ఎక్కలేదు. నా పక్కనే కూర్చుని, చెవి మిషను తీసి జేబులో వేసుకోకుండా, ఎదురుగా తెర మీద అంకెను చూస్తూ కూర్చున్నారు. అరవై దాటగానే అరచెయ్యి బోర్లించి రెండుసార్లు కిందికి నొక్కారు. తగ్గించాను. వెనక లారీవాడు హారను కొట్టి కొట్టి పక్క నుంచి పోయాడు. పోతే పోయాడు, లేటు పడితే పడింది అనుకున్నాను. ఆ స్పీడులో హోరు తక్కువగానే ఉంది.

“మూడు నెలల కబుర్లు బాకీ ఉన్నారు. చెప్పండి” అన్నాను గట్టిగా.

గోడౌనులో పిల్లి బస్తాల మధ్య ఈనిందట, దాని కోసం ఒక వరస బస్తాలు కదపకుండా వదిలేశారట. కొత్త గుమాస్తాకు ధాన్యం చేత్తో చూసి రకం చెప్పడం రాదట. నేను నవ్వుతుంటే నా మొహం చూసి ఆయన కూడా నవ్వారు.

“ఇంకోటి ఉండాది.”

“ఏంది?”

“కుడి చెవి గూడా తగ్గతా ఉండాది. ఫోను ఆ చెవికి పెట్టుకున్నా మాట తెలవడం లా. రెండు నెల్లు దాటింది.”

“రెండు నెలలా! మరి చెప్పరే?”

“చెబుదామనే రోజూ కారెక్కేవాణ్ణి. నీ మొహం జూసి ఊరుకునేవాణ్ణి.”

డివైడరు మధ్యలో సందు రాగానే కారు వెనక్కు తిప్పాను, నెల్లూరు వైపు, డాక్టరు గారి దగ్గరికి. స్కూల్లో తొమ్మిది దాటి ఉంటుంది. అది గుర్తొచ్చింది, పోయింది. హోరు పెరిగింది. ఆయన అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కుతున్నారు, నేను తగ్గించలేదు. తెర మీద ఎనభై దాటింది. టింగుమంది.

ఆయన నా మొహం చూస్తున్నారు. కనుబొమ్మలు ముడిపడకుండా ఆ మొహాన్ని పట్టుకుని నడిపాను.