చక్కెర చెవి

ఒక మహావీరుడి గాథ చెబుదామని కూర్చున్నాను. తీరా చూస్తే వీరుడు మెదక్ కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పిన కాంట్రాక్టు సారు. తెలంగాణ బందుల మధ్య ఒక్క క్లాసు దొరికినా కరిగే పాలిమర్ల గురించే చెప్పేవారు.

"గీ వల అసొంటి పాలిమర్ జాలీ మీద మనిషి కణాలు పెడితే కండ పెరుగుతది. కండ గట్టివడంగనే జాలీ కరిగిపోతది."

"మీ కాంట్రాక్టు లెక్కనా సార్?" అన్నాను.

"జర ఆగు బిడ్డా, చూపిస్త." దేనికైనా ఆయన మాట అదే, "జర ఆగు".

కాంట్రాక్టు పొడిగించాలో వద్దో తేల్చడానికి ప్రిన్సిపాల్ మా క్లాసుకు వస్తారని తెలిసింది. సారు హోలీకి పిల్లల మెడలో దండలా వేసే చక్కెర పేర్లు కరిగించి, చెవి ఆకారంలో జాలీ పోశారు. దానిమీద కండలా పిండి అద్దారు. నీళ్లలో ముంచితే చక్కెర కరిగి పిండి చెవి మిగలాలి.

మర్నాడు ప్రిన్సిపాల్ ముందు సారు దానిమీద కప్పిన గుడ్డ తీశారు. చెవి నిండా చీమలు. చక్కెర సగం మాయం, పిండి కూలబడింది.

"అయిపాయె సార్, చెవి!" అన్నాను.

"జర ఆగుండ్రి! కండ గట్టివడకముందే జాలీ పోతే గిట్లనే కూలుతది. ఎప్పుడు కరగాల్నో, గదే అసలు కిటుకు."

క్లాసంతా చప్పట్లు. కాంట్రాక్టు పొడిగించారు. సారు కళ్లు తుడుచుకున్నారు.

ఆ పోస్టుకు వేరెవరూ దరఖాస్తు పెట్టలేదట.