తర్హేలియా వేసిన హాజరు

మా తర్హేలియా అక్క మంచి మనిషి అని మొదటే చెబితే మా గదిలో ఆడవాళ్ళు నవ్వుతారు. ఆవిడ నోరు అలాంటిది. పొద్దున అడుగు పెడుతూనే మొదలుపెట్టేది. "ఏమే, ఆ కట్ట మీ అత్త మెడనుకున్నావా, అలా బిగిస్తున్నావు?" కయాంబె కొండ కింద, పై దేశాలకి గులాబీలు పంపే తోటలో కట్టలు కట్టే గది మాది. నలభై బల్లలు, నలభై మంది ఆడవాళ్ళు, అందరికీ ఆవిడ సూపర్‌వైజరు. యాభై మూడేళ్ళ మనిషి. మోకాళ్ళు వాచి ఉండేవి. రబ్బరు బూట్లలోంచి మడమలు సగం బయటికి లాక్కుని నిలబడేది. పైన తోట నడిపే ఇంజినీరు గారు, కింద మేము, మధ్యలో ఆవిడ అడకత్తెరలో పోకచెక్క.

నాకు ఆవిడంటే పడదు. దాచడం దేనికి? ఆరేళ్ళ కిందట, మే నెలలో, అమ్మల పండుగ ఆర్డర్లు నెత్తిమీద ఉన్నప్పుడు మా నార్సీసాకి చెవిపోటు వచ్చింది. మూడేళ్ళ పిల్ల. ఒక్క పూట వదలమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "సీజన్లో ఎవర్నీ వదిలేది లేదు ఎర్మీనియా, పని దిగాక ఆసుపత్రికి తీసుకెళ్ళు" అంది, నా మొహం చూడకుండా. సీజన్లో పని దిగడమంటే తొమ్మిది దాటాలి. నేను ఇల్లు చేరేసరికి చీము కారి దిండు తడిసిపోయింది. ఇప్పుడు నా కూతుర్ని కుడిపక్క నుంచి పిలిస్తే పలకదు.

ఆ తర్వాత ఆవిడ మారిందని అందరూ అంటారు. మారిన మాట నిజమే. కడుపుతో ఉన్నవాళ్ళకి పెట్టె బోర్లించి కూర్చోబెట్టేది. మొగుడు తాగి కొట్టిన మర్నాడు ఎవరైనా వస్తే, ఏమీ అడక్కుండా, ముళ్ళు తక్కువున్న రకం వాళ్ళ బల్ల మీద వేయించేది. ఇంజినీరు గారు అరవడానికి వస్తున్నారని తెలిస్తే తనే ముందుగా మా మీద విరుచుకుపడేది, ఆయనకి అరవడానికి ఏమీ మిగలకుండా. ఈ సంగతి మా బుర్రలకెక్కడానికి ఏడాది పట్టింది. అవన్నీ చూస్తుంటే నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఊరందరికీ పనికొచ్చిన దయ నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చచ్చిందని.

ఈ ఏడు ఫిబ్రవరి. ప్రేమికుల రోజుకి ఇంకా పది రోజులుంది. నా పక్క బల్ల సోయిలాది, పదిహేడో నంబరు. మేం కట్టిన ప్రతి కట్ట మీదా మా నంబరు చీటీ అంటించాలి. కట్ట ఏ దేశం పోయినా నంబరు వెంట పోతుంది. సోయిలా వాళ్ళమ్మ చనిపోయింది. చట్టం ఇచ్చే సెలవు మూడు రోజులు. మా వైపు చనిపోయినవాళ్ళ బట్టలు వాగులో ఉతికేది అయిదో రోజు. చట్టం రాసినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ చావరు కాబోలు.

నాలుగో రోజు సోయిలా పనికి వచ్చింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే నేల మీద గుడ్డ పరిచి ఎవరి మూట వాళ్ళు అందులో గుమ్మరించాం. ఉడికిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు, బంగాళాదుంపలు, అందరిదీ ఒకటే కుప్ప. సూపర్‌వైజర్లు క్యాంటీన్లో తింటారు, తర్హేలియా మాత్రం మాతోనే కూర్చునేది. సోయిలా చెయ్యి కదపలేదు.

"తినవేమే?" అంది తర్హేలియా.

"రేపు అయిదో రోజక్కా. మా అమ్మకి నేనొక్కదాన్నే. నేను బట్టలు ఉతక్కపోతే ఆవిడ ఆత్మ గడప దాటి పోలేదు. రేపు నేను రాను, తీసేస్తే తీసేయండి."

"తీసేస్తే నీ ముగ్గురు పిల్లలకీ ఏం పెడతావు, నీ పౌరుషం ఉడకేసి పెడతావా?"

సోయిలా ఏడవడం మొదలుపెట్టింది. తర్హేలియా ఒక దుంప తీసుకుని, తొక్క తీసి, తినకుండా మళ్ళీ గుడ్డ మీద పెట్టేసింది.

"పొద్దున్నే పో. నీ బల్ల నేను చూసుకుంటా. ఎల్లుండి ఆలస్యంగా వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా."

మర్నాడు హాజరు పుస్తకంలో సోయిలా వచ్చినట్టు రాసి, పదిహేడో బల్ల దగ్గర తర్హేలియా నిలబడింది. అక్కణ్ణించే గదంతటినీ తిట్టింది, పన్నెండు గంటలు కట్టలు కట్టింది. ఆవిడ బల్ల పని మానేసి ఏడేళ్ళు కావస్తోంది. గులాబీ మొగ్గని మెడ దగ్గర నొక్కి చూడాలి. మెత్తగా తగిలితే లోపల బూజు ఉన్నట్టు, పక్కన పడెయ్యాలి. చన్నీళ్ళలో, చలిగదుల్లో ముప్ఫై ఏళ్ళు నాని ఆవిడ వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, బహుశా తనకే తెలీదేమో. పని దిగేటప్పుడు నీళ్ళ సీసా మూత తియ్యమని నాకిచ్చింది. తీసిచ్చాను.

మూడు వారాలకి ఫోటోలొచ్చాయి. కొన్నవాళ్ళు పంపారు. పెట్టె నిండా బూజు పట్టిన పువ్వులు, ప్రతి కట్ట మీదా పదిహేడు, పక్కన సోయిలా రాని రోజు తేదీ. సీజన్ అయిపోయి, ఎవర్ని తీసేద్దామా అని తోటవాళ్ళు సాకు వెతుక్కునే రోజులవి. సోయిలాకి గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంజినీరు గారు ఆమెని పిలిచారు, తర్హేలియాని పిలిచారు, పక్క బల్లదాన్నని నన్నూ పిలిచారు.

"ఆ రోజు ఆ కట్టలు కట్టింది సోయిలా కాదండి, నేను" అంది తర్హేలియా.

ఇంజినీరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "మరి ఆమె ఎక్కడుంది?"

కట్టింది సోయిలా అంటే చెడ్డ పనికి తీసేస్తారు. కాదంటే సీజన్లో చెప్పకుండా మానేసినందుకు తీసేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సోయిలా తల వంచుకుని శాలువా కొంగు నలుపుతోంది.

"వాళ్ళమ్మ బట్టలుతకడానికి పోయిందండి. సెలవు మంజూరైందని నేనే అబద్ధం చెప్పాను. మీరు సంతకం కూడా పెట్టారని చెప్పాను. ఆ పిల్ల నమ్మి పోయింది. దానికేం తెలీదు."

"ఇద్దరూ కూడబలుక్కున్నారని నేనంటే?"

"ఎర్మీనియాని అడగండి. పక్కనే ఉంది. నేనంటే దానికి పడదు కూడా. నన్ను కాపాడటానికి అబద్ధమాడదు."

ఇంజినీరు గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, సెలవుందని ఈవిడ అబద్ధం చెప్పిందా?"

ఆరేళ్ళుగా ఈవిడ ఉద్యోగం ఊడితే చూడాలని మొక్కుకున్నదాన్ని నేను. తర్హేలియా నా కళ్ళలోకే చూస్తోంది. చెప్పవే, చెప్పు, అన్నట్టుంది ఆ చూపు.

"చెప్పిందండి. నేను విన్నాను" అన్నాను.

సోయిలా పని నిలిచింది. తర్హేలియాని ఆ పూటే పొమ్మన్నారు. ఆవిడ తన దుప్పటీ, అన్నం గిన్నె సంచీలో వేసుకుని గేటు దాకా నడిచింది. ఎవరూ పంపకుండానే నేను వెనక వెళ్ళాను. కయాంబె కొండ మీది నుంచి చలిగాలి కొడుతోంది. బస్సు ఇంకా రాలేదు.

"బాగా చెప్పావు. తడబడతావేమోనని భయపడ్డాను" అంది.

"ఈ వయసులో నిన్ను ఏ తోటవాళ్ళు పెట్టుకుంటారక్కా?"

"ఎవరూ పెట్టుకోరు. మా చెల్లెలికి ఆవులున్నాయి, పాలు పితకనిస్తుందేమో చూడాలి. ఈ వేళ్ళకి ఆవు తంతుందేమో."

నవ్వు రాలేదు నాకు. ఆరేళ్ళుగా గొంతులో ఇరుక్కున్నది అడిగేశాను.

"నన్నెందుకు పంపలేదు ఆ రోజు? నా బల్ల దగ్గరా నిలబడొచ్చుగా?"

ఆవిడ సంచీ కింద పెట్టింది.

"భయమేసిందే. కొత్తగా సూపర్‌వైజర్ని చేశారు. ఉద్యోగం పోతే చచ్చిపోతాననుకున్నాను. ఇవాళ పోయింది, చూశావుగా. ఇదిగో, నిలబడే ఉన్నాను. ఇంతోటి దానికి నీ పిల్ల చెవి పోగొట్టాను."

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంటే కింద నుంచి పట్టి ఎక్కించాను. నా కోపం పోలేదు, ఆరేళ్ళది అంత తేలిగ్గా పోదు. కానీ ఆ బస్సు మలుపు తిరిగాక అక్కడే కూలబడి ఏడ్చాను.